మా అత్తగారు చూసే నాడి

"జిపార్, ఈ పాలు చల్లారిపోయాయి, ఇంకో గ్లాసు పిండుకురా" అంది మా అత్తగారు. ఆడగుర్రం పాలు పిండిన వెంటనే వెచ్చగా తాగాలి, లేకపోతే మందు కింద పనికిరావట. రెండు గంటలకోసారి ఒంటిమోకాలి మీద కూర్చుని, గుర్రం వెనక్కాలి చుట్టూ చెయ్యివేసి పిండేదాన్ని నేను. తాగి పడుకునేది కిర్గిజ్ కొండల్లోని మా సూసమిర్ లోయకి వైద్యానికొచ్చిన పట్నం వాళ్లు. పది రోజులు వాళ్లు చన్నీళ్లు ముట్టుకోకూడదు, బరువెత్తకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు. ఆ చన్నీళ్లు, ఆ బరువు, ఆ కష్టం అన్నీ నాకే. మా ఆయన ఎసెన్ గుర్రమెక్కి మంద వెంట తిరుగుతూ, "మా అమ్మ నాడి పట్టుకుంటే ఇంక డాక్టర్లెందుకు" అని గొప్పలు పోతాడు. నడుం నొప్పంటే, "ఊరికే కూర్చుంటే అలాగే ఉంటుంది, లే" అంటాడు.

ఆమెకి నాడి నిజంగానే తెలుసు. నా మంటంతా అదే. పోయిన వేసవిలో కళ్లు తిరుగుతున్నాయంటే నా మణికట్టు పట్టుకుని, "నీరసం, అంతే. పాలు పిండు పో" అంది. ఆ తర్వాత పన్నెండో రోజు గుర్రం పక్కనే నాకు నెత్తురు పోయింది. నా బట్టలు మారుస్తూ అత్తగారు ఏడ్చింది కూడా, "మూడో నెల, పైగా మగబిడ్డ" అని. నేనెవరికీ చెప్పలేదు. నాకే తెలీదు. మరి నెలతో సహా ఆమెకెలా తెలిసింది? పాలు పిండే రోజులు అయిపోయేదాకా పని ఆగకూడదనే నోరు మూసుకుందని అర్థమయ్యాక చాన్నాళ్లు నాకు రొట్టె సహించలేదు.

ఇవాళ వైద్యానికొచ్చిన నుర్జాత్ అక్క, బిష్కెక్‌లో టీచరు, తన నాడి చూపించుకుని, "మీ కోడలి మొహం నాకంటే పాలిపోయింది, ఆమెదీ చూడండమ్మా" అంది.

"దానికేం రోగం? పొద్దస్తమానం పాల దగ్గరే ఉంటుందిగా" అని నవ్వింది అత్తగారు. అక్క వదల్లేదు, నా చెయ్యి లాగి అత్తగారి ఒళ్లో పెట్టింది.

మూడు వేళ్లు మణికట్టు మీద ఆనాయి. ఆమె నవ్వు ఆగిపోయింది. చూపు నా పొట్ట మీదికొచ్చి, పాల కోసం తల్లులకి దూరంగా బయట కట్టేసిన గుర్రప్పిల్లల వైపు మళ్లింది.

"నీరసం, అంతే. వేళవుతోంది, బకెట్టు తీసుకో."

ఒళ్లు మండిపోయింది. నెల తప్పి రెండు నెలలైందని ఈసారి నాకూ తెలుసు. అతిథుల పరుపు మీద, అక్క పక్కనే చతికిలబడి చెయ్యి మళ్లీ చాచాను.

"ఇంకోసారి చూడండి అత్తయ్యా. చూసింది చూసినట్టు అందరి ముందూ చెప్పండి. మీరు చెప్పేదాకా బకెట్టు ముట్టను. చెప్పాక అసలే ముట్టను."