వెలికా తలుపు మీది మనిషి

ముందు మీరేం చూశారో చెప్పండి. రొట్టెల కొట్టు దాటాక మూడో ఇల్లు, నీలం తలుపు, దాని మీద అంటించిన చావు కాగితం. అందులో ఒక మగమనిషి ఫోటో. ఏం చూశారు? మీసం అనకండి, మీసం అందరికీ కనిపిస్తుంది. వయసెంత అనుకున్నారు? నలభై నాలుగు, నలభై అయిదు? సరే. తలుపు తీసిన ఆవిడనీ చూశారు కదా. నల్ల తలగుడ్డ, అరవై దాటిన మనిషి. ఆమెనీ ఆ ఫోటోనీ పక్కపక్కన చూసి ఏమనుకున్నారో నాకు తెలుసు. బయటి నుంచి వచ్చిన ప్రతివాడూ అదే అనుకుంటాడు. అది తప్పు. ఎందుకు తప్పో చెబుతాను, కాస్త నిలబడి వినండి.

మా చెర్నా స్కాలాలో ఎవరైనా పోతే గెంకో అచ్చుకొట్టులో కాగితం వేయిస్తారు. పైన ఫోటో, కింద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, నాలుగు మంచి మాటలు. ఇంటి తలుపుకొకటి, బస్సు ఆగే చోట ఒకటి, చర్చి గోడకొకటి. ఆ తర్వాత ఏటా అదే తేదీకి కొత్త కాగితం. ఉడికించిన గోధుమల్లో పంచదార కలిపి వీధిలో పంచుతారు, సమాధి మీద కాస్త వైను ఒంపుతారు, పాత కాగితం చింపి కొత్తది అంటిస్తారు. గెంకో దగ్గరుండేది అదే పాత ఫోటో. యంత్రంలోంచి వచ్చే ముఖానికి మాత్రం ఏడాది వయసు పెరిగి ఉంటుంది.

"ఈసారి మీ ఆయనకి జుట్టు పల్చబడిందమ్మా," అంటాడు గెంకో, తడి కాగితాన్ని తీగ మీద ఆరేస్తూ.

"వాళ్ళ నాన్నకీ అంతే. బట్టతల వంశం," అంటుంది ఆ ఇల్లాలు. మడతపెట్టి సంచీలో వేసుకుని, దారిలో ఉల్లిపాయలు కొనుక్కుని ఇంటికి పోతుంది.

వెలికా మొగుడు రుస్కో ఒక మార్చి నెలలో సీసం గనిలో పోయాడు. పోయాడు అనడం సులువు. పైకప్పుని మోసే గుంజలు కుళ్ళాయని ముగ్గురు పనివాళ్ళు ముందే వెళ్ళి చెప్పారు, ఆఫీసరు బల్ల మీద గుద్ది మరీ చెప్పారు. కొత్త గుంజలు వస్తున్నాయన్నారు. అవి రాలేదు, కొండే వచ్చి మీద పడింది. తవ్వి తియ్యడం దండగని సిమెంటు పోసి ఆ దారి మూసేశారు. వెలికా చేతికి ఒక హెల్మెట్ ఇచ్చారు. అదీ అతనిది కాదు, కొత్తది! గీత కూడా పడలేదు. అప్పుడు వెలికాకి ముప్పై నిండలేదు, కూతురు జోర్నిత్సాకి అయిదేళ్ళు.

సమాధి రాయి కింద ఎవరూ లేరు గనక వెలికాకి మొగుడంటే ఆ తలుపు మీది ముఖమే. పొద్దున్నే పాలసీసా తీసుకోవడానికి తలుపు తీస్తూ పలకరించేది. "కళ్ళ కింద ఆ సంచులేంటయ్యా, నిద్రపోవా?" అనేది. ఒక మార్చిలో అతని చెంప పక్కన తెల్లవెంట్రుక కనబడితే వీధంతా వినబడేలా నవ్వింది. "నాకంటే ముందు నీకే వచ్చింది!" అంది. రుస్కో చూపు ఎప్పుడూ ఒకే వైపు ఉండేది, తలుపుకి ఎడమపక్క వంటింటి కిటికీ వైపు. ఆమె అక్కడే నిలబడి మిరపకాయలు కాల్చేది, గిన్నెలు కడిగేది. అలా ఇద్దరూ కలిసి పెద్దవాళ్ళవుతున్నారు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని ఎవరైనా అంటే, "ఇంట్లో మొగుణ్ణి పెట్టుకునా?" అనేది.

గని మూతపడ్డాక కార్మికుల క్లబ్బులో సామాను పంచేస్తుంటే జోర్నిత్సాకి ఒక పాత కెమెరా దొరికింది. తోలు సంచీ, గీతలు పడ్డ అద్దం, ఇటుకంత బరువు. నేలమాళిగలో మిరపకాయ పచ్చడి జాడీలు ఒక పక్కకి తోసి, ఎర్ర బల్బు పెట్టుకుని, ఫోటోలు తనే కడగడం నేర్చుకుంది. మనుషుల ముఖాలు తప్ప ఆ పిల్లకి ఇంకేదీ పట్టలేదు. కొండలూ వాగులూ తియ్యమంటే, "అవి నాకేం చెబుతాయి?" అనేది. ప్లోవ్‌దివ్ పట్నంలో ఫోటోగ్రఫీ స్కూలుంది. అందులో చేరాలంటే పన్నెండు ముఖాలతో పోర్ట్‌ఫోలియో చూపించాలి. అదొక్కటే దారి. లేకపోతే ఇక్కడే కుట్టుమిషన్ల షెడ్డులో మెడ వంచుకుని కూర్చోవాలి, మిగతా ఆడపిల్లల్లాగే.

ఉత్తరం కిటికీ ముందు కుర్చీ వేసి, వెనక తెల్ల దుప్పటి కట్టి, అట్టకి వెండికాగితం అంటించి దాంతో వెలుతురు ముఖం మీదికి తిప్పుకునేది. పక్కింటి స్తోయ్నా అవ్వ కోడిని ఒళ్ళో పెట్టుకుని వచ్చి కూర్చుంది.

"తియ్యవే, నా కాగితానికి పనికొస్తుంది. ముక్కు మాత్రం కాస్త చిన్నది చెయ్యి."

"ముక్కు నా చేతిలో లేదవ్వా."

"అయితే కోడిని కొంచెం ముందుకి జరుపుతాను. జనం దాన్నే చూస్తారు."

సిరా చేతులతో గెంకో, స్టీరింగు వదలని బస్సు డ్రైవరు, చర్చిలో కొవ్వొత్తులమ్మే ఆమె, ఇలా చాలామందిని తీసింది. ఫోటోలన్నీ గచ్చు మీద పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ, ఏది ముందు, ఏది వెనక, ఏది పనికిరాదు అని వారాల తరబడి సర్దింది. పన్నెండు తేలాక నల్ల అట్టల ఫైలులో పెట్టుకుని బస్సెక్కింది.

అక్కడి మాస్టారు బకర్జీయెవ్ పేజీలన్నీ తిప్పి ఫైలు మూశాడు. "వెలుతురు తెలుసమ్మాయ్ నీకు. కానీ వీళ్ళంతా కెమెరాని చూసి బాగున్నానా, బాగున్నానా అని అడుగుతున్నారు. ఏమీ అడగని ముఖం ఒక్కటి లేదు. అది తీసుకురా, చేర్చుకుంటాను. లేదంటే పెళ్ళిళ్ళు తీసుకో, దానికి స్కూలెందుకు?"

ఊరికి తిరిగొచ్చి బస్సు దిగి ఇంటి ముందు నిలబడింది. ఏమీ అడగని ముఖం తలుపు మీదే ఉంది.

చావు కాగితాన్ని మా ఊళ్ళో ఎవరూ ఫోటో తియ్యరు. తియ్యొద్దని బోర్డేమీ లేదు. కానీ ఒకసారి ఒక పేపరువాడు వచ్చి స్తోయ్నా అవ్వ మొగుడి కాగితాన్ని ఫోటో తీసుకుపోయాడు. మరుసటేడు గెంకో యంత్రంలోంచి ముఖం పాతదే వచ్చింది. ఆ మరుసటేడూ అంతే. "మా ముసలాణ్ణి ఆ పేపరువాడు తోలుకుపోయాడు," అని అవ్వ అప్పటినుంచీ కాగితం వేయించడమే మానేసింది. ఈ సంగతి జోర్నిత్సాకి తెలుసు. తెలిసే అమ్మని అడిగింది.

"ఒక్కటంటే ఒక్కటి అమ్మా."

"ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"అయితే నువ్వు కూర్చో."

"నేను మాత్రం అడగనా, బాగున్నానా అని? ఎవరడగరే?" వెలికా గరిట పక్కన పెట్టింది. "తీశావంటే ఆయన ఆగిపోతాడు. నాకున్నది ఆయనొక్కడే."

"నీకైనా ఉన్నాడు. నాకేముంది? గొంతు కూడా గుర్తులేదు."

"తలుపు మీద లేడూ?"

"నిన్ను చూస్తాడమ్మా! పదిహేనేళ్ళుగా ఆ కిటికీ తప్ప ఇంకోటి చూశాడా? నేను స్కూలుకెళ్ళేటప్పుడు చూడలేదు, వచ్చేటప్పుడు చూడలేదు."

వెలికా మళ్ళీ గరిట తీసుకుంది.

ఊరంతా పోయినవాళ్ళని తలుచుకునే చనిపోయినవాళ్ళ శనివారం పొద్దున వెలికా గోధుమల గిన్నె ఎత్తుకుని చర్చికి వెళ్ళింది. ఎదురింటి పెంకుల మీంచి ఎండ జారి తలుపు మీద పడింది. జోర్నిత్సా కెమెరా ఎత్తి ఒక్కసారి మీట నొక్కింది. ఏమీ కాలేదు. పక్క పెరట్లో కోడి గీరుకుంటోంది, అంతే.

నేలమాళిగలో, ఎర్ర బల్బు కింద, కాగితాన్ని మందునీళ్ళ పళ్ళెంలో వేసింది. ముందు మీసం తేలింది. తర్వాత నుదురు. కళ్ళు చివర తేలాయి. అవి కిటికీ వైపు లేవు. పళ్ళెం మీదికి వంగిన పిల్లని చూస్తున్నాయి. జోర్నిత్సా జాడీల వైపు రెండడుగులు జరిగింది. నీళ్ళు కదల్లేదు, చూపు కదిలింది. మెట్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడికీ వచ్చింది. ఆ పిల్ల అరవలేదు. "నాన్నా," అంది, ఎవరో పిలిస్తే పలికినట్టు. తర్వాత కాగితాన్ని శుభ్రంగా కడిగి, బట్టల క్లిప్పు పెట్టి ఆరేసింది.

మాస్టారు ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. "ఎవరీయన?"

"మా నాన్న."

"ఫోటో తీస్తున్నావని ఆయనకి తెలుసా?"

"తెలీదు."

ఫైలు మూసి పేరు రాసుకున్నాడు.

మార్చి వచ్చింది. గెంకో యంత్రం తిప్పాడు. కాగితం చూసి, వెలికాని చూసి, దాన్ని ఆమె వైపు తిప్పాడు.

"ఇంకోటి వెయ్యి," అంది వెలికా.

ఇంకోటి వేశాడు. అదే ముఖం, నిరుటిది.

"ఇంకోటి."

"వెలికా, వద్దమ్మా. ఎన్నేసినా ఇంతే."

ఇంటికొచ్చి అంటించింది. రోడ్డు మీదికెళ్ళి నిలబడి చూసింది. రుస్కో చూపు ఇప్పుడు వంటింటి కిటికీ వైపు లేదు. ఎటూ లేదు. లోపల దీపం వెలుగుతోంది, పిలిస్తే పలికేవాళ్ళు లేరు, అలాంటి ఇంట్లోకి తొంగిచూసినట్టుంది.

అదే వారం జోర్నిత్సా బస్సు దిగి లోపలికొచ్చి ఫైలు బల్ల మీద తెరిచింది. మొదటి పేజీలో రుస్కో. వయసు ఏడాది పెరిగింది. మూతి పక్కన కొత్త ముడత.

వెలికా చేతులు తుడుచుకుని వంగి చూసింది. "నవ్వుతున్నాడే," అంది. "ఇక్కడెప్పుడూ నవ్వలేదు." పొయ్యి దగ్గరికి నడిచింది, కిటికీ దగ్గరికి నడిచింది, మళ్ళీ వచ్చింది. చూపు ఆమె వెంట రాలేదు. కూతురి మీదే ఉంది.

"ఇది నువ్వే ఉంచుకో అమ్మా. తలుపుకి ఇదే అంటిద్దాం. తప్పు చేశాను."

గెంకో కాగితం ఊడదీసి దాన్ని అంటించారు. పొద్దున పాలకని తలుపు తీసిన వెలికాకి రుస్కో చూపు ఎటుందో కనబడింది. మలుపు దాటి, బస్సు ఆగే చోటి వైపు, ప్లోవ్‌దివ్ రోడ్డు మీద ఉంది. ఆమె తడిగుడ్డ తెచ్చింది. మూల కూడా చిరగకుండా నెమ్మదిగా ఊడదీసింది.

"తీసుకుపో."

"అమ్మా..."

"నన్ను చూసింది చాల్లే. నిన్ను చూసుకోడానికి ఆయనకి అయిదేళ్ళే ఇచ్చారు ఆ వెధవలు. తీసుకుపో. బతుకంతా చీకట్లో ఉన్నాడు, కిటికీ పక్కన పెట్టు."

"మరి నీకు?"

వెలికా నిరుటి ముఖమున్న కాగితం మళ్ళీ తలుపుకి అద్ది, అరచేత్తో నొక్కింది. "నాకీ కుర్రాడు చాలు."

జోర్నిత్సాకి ఇప్పుడు ప్లోవ్‌దివ్‌లో సొంత స్టూడియో ఉంది. ఫోటోకి వచ్చినవాళ్ళకి ముందు ఆ మొదటి ఫైలు చేతికిస్తుంది. తొలి పేజీలో తెల్లజుట్టు ముసలాయన్ని చూశాక జనం మాటలాపి కుర్చీలో కూర్చుంటారు. బాగున్నానా అని ఎవరూ అడగరు. అందుకే ఆమె తీసే ముఖాలు అలా వస్తాయంటారు. వెలికాని రమ్మని ఎన్నిసార్లు పిలిచినా, "ఒక ముసలాణ్ణి చూడ్డానికి అంత దూరం ఎవడొస్తాడు?" అంటుంది.

ఇక్కడ వెలికా ముసలిదైంది, తలుపు మీది మనిషి కాలేదు. ఆ ఫోటో గురించి మొదటిసారి అడిగింది కరెంటు మీటరు చూసేవాడు. "మీ అబ్బాయామ్మా? పాపం," అన్నాడు. వెలికా చేతిలో ఉన్న చీపురు వాడి మీదికి విసిరింది. ఆ తర్వాత ఇంకెవరో అడిగారు, ఊరుకుంది. ఒక మార్చిలో గెంకో కొట్టుకెళ్ళి, "పుట్టిన ఏడూ పోయిన ఏడూ తీసెయ్యి, పేరుంటే చాలు," అంది. గెంకో తీసేశాడు. ఇప్పుడు పొద్దున్నే తలుపు తీస్తే వినబడే మాటలు వేరు. "మెడ దగ్గర గుండీ పెట్టుకోరా, చలి." "ఏం తిన్నావురా, అలా చిక్కిపోయావు?" మంచు పడ్డ రోజు కాగితం మీద తలగుడ్డ కొంగు కప్పి నిలబడుతుంది. వీధిలో ఎవరూ ఏమీ అనరు. ఆ మొగుణ్ణి మొదట ఎత్తుకుపోయింది కూతురు కాదు, గని. ఆ మాట ఇక్కడ అందరికీ తెలుసు, ఆ ఆఫీసరుకి తప్ప.

ఇవాళ మీరొచ్చారు. దాహమంటే మంచినీళ్ళిచ్చింది. తాగుతూ కాగితం వైపు చూసి, మీ అబ్బాయా అన్నారు. అవునంది. నేను ఎదురుగా బల్ల మీదే కూర్చున్నాను, విన్నాను. తర్వాత ఆవిడ గ్లాసు తీసుకుంటూ మిమ్మల్నొక మాటడిగింది, "ఎవరి పోలిక బాబూ, నాదా, వాళ్ళ నాన్నదా?" అని. మీరు నవ్వి ఇటు వచ్చేశారు.

ఇప్పుడు మీకంతా తెలుసు. ఆవిడ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఇటే చూస్తోంది. వెళ్ళి ఏం చెబుతారు?