పాఠంలో ఆవిడ

రివిజన్ వారం మొదలైందంటే పాఠంలో ఆవిడ వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. హాజరు పట్టీలో ఆవిడకి నంబరు లేదు. తడిసిన చీర అంచు నుంచి నీళ్ళు కారి కింద చిన్న మడుగు కట్టేవి. ఆయా వచ్చి "కాళ్ళెత్తమ్మా" అని తుడుచుకుని పోయేది. సిలబస్‌లో ఉన్న ఆ పాత నవలలో, కరువొచ్చిన ఏడు, ఆవిడ రేవులో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, పడవలో ఉన్న గొప్పింటావిడకి చంటిబిడ్డని అందిస్తుంది. పడవ కదులుతుంది. అక్కడితో నవల అయిపోతుంది. అందించిన చేతులు మాత్రం అలాగే ఉండిపోయాయి. మోచేతుల దగ్గర వంగి, ఒళ్ళో ఇంకా ఎవరో ఉన్నట్టు.

"పాత్ర స్వభావం, పది మార్కులు" అని టీచరు సుద్దముక్కతో బల్ల మీద కొట్టింది. "ఏటా అడుగుతున్నారు. వదిలారో, మునిగారే."

"ఆవిడ అప్పుడే మోకాళ్ళదాకా మునిగింది మేడమ్" అన్నాడు ముందు బెంచీలో జోకులవాడు. అందరూ నవ్వారు. పాఠంలో ఆవిడ కూడా కాస్త నవ్వింది. ఆ జోకు ఆవిడ ఏటా వింటోంది.

"నువ్వే చెప్పమ్మా. అప్పటికైనా వీళ్ళ బుర్రకెక్కుతుందేమో" అంది టీచరు ఆవిడతో.

ఆవిడ లేచి నిలబడి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది: "ఓర్పు. త్యాగం. నిష్కల్మషమైన మాతృప్రేమ. రెండు ఉదాహరణలతో వివరించవలెను."

ఎన్నేళ్ళుగానో పిల్లలు గైడు చూసి వల్లెవేస్తుంటే విని విని, తన గురించి తనూ అంతే నేర్చుకుంది పాపం.

ఆవిడ పక్కనే, తలుపు దగ్గరగా, గొణుగుడు కూర్చుని ఉంది. నోరు విప్పితే పక్కవాళ్ళకే వినిపించదని తరగతి పెట్టిన పేరు అది. ఇరవై ఏళ్ళు, అందరిలోకీ పెద్దది. కట్టే మేడ మీంచి పడి మొగుడు పోతే, ఐదు నెలల పాపతో పుట్టింటికొచ్చి, ఆపేసిన చదువు మళ్ళీ మొదలెట్టింది. నాన్న తేల్చి చెప్పేశాడు: పాపని పిల్లల్లేని మేనత్తకి ఇచ్చేస్తే ఉండి చదువుకోవచ్చు, ఇవ్వనంటే గడప తొక్కనక్కర్లేదు. బస్టాండు కాలేజీ పక్కనే గనక, నాలుగింటి బస్సుకి పాపని ఇక్కణ్ణించే తీసుకుపోతానంది అత్త. అందుకే ఇవాళ పాప కూడా పాఠం వింటోంది.

"నువ్వు మరీ శ్రద్ధగా వినాలమ్మాయ్" అంది టీచరు, ప్రేమగానే. "నీదీ త్యాగమేగా."

గొణుగుడు తల వంచుకుంది. పక్కకి వాలి పాఠంలో ఆవిడని అడిగింది. "పడవ వెళ్ళాక ఏం చేశారండీ?"

పాఠంలో ఆవిడ తెల్లబోయింది. "అది పరీక్షలో రాదు."

"పరీక్ష కోసం కాదు."

"పడవ వెళ్ళాక ఏమీ రాయలేదమ్మా. అందుకే నేనింకా నీళ్ళలోనే ఉన్నాను."

"ఇస్తానని మీరే అన్నారా?"

"నన్నెవరడిగారు? మా ఆయన పడవ మాట్లాడాడు. చేతులు చాపమన్నారు. చాపాను."

"గొణుగుడూ, ఇలా వచ్చి లక్షణాలు బోర్డు మీద రాయి" అని టీచరు పిలిచింది. పాప ఏడుపందుకుంది. ఎవరికివ్వాలో తోచక, గొణుగుడు పాపని ఆవిడ వంగిన చేతుల్లోనే పెట్టేసింది. పాప అందులో అతికినట్టు ఇమిడిపోయి ఠక్కున ఏడుపాపింది. గొణుగుడు 'ఓర్పు' అని రాసి, రెండో మాట దగ్గర సుద్దముక్క విరిగితే ఇంకోటి వెతుక్కుంటూ ఉండగానే, అత్తా మావయ్యా గుమ్మంలోకొచ్చారు. అత్త చేతిలో తనే అల్లిన చిన్న ఉన్ని టోపీ ఉంది.

"బస్సు కదలబోతోందే. తెమలండి, తెమలండి" అన్నాడు మావయ్య.

అత్త పాప కోసం చేతులు చాపింది. పాఠంలో ఆవిడ చేతులు విడలేదు. మావయ్య పట్టి లాగాడు. "ఇవేం చేతులే, కొయ్యలా ఉన్నాయి!"

"ఇచ్చెయ్యమ్మా" అంది టీచరు. "పాఠం ప్రకారం నువ్వు ఇవ్వాలిగా."

"ఓర్పు..." అని మొదలెట్టి ఆవిడ ఆగిపోయింది. గొణుగుడు వైపు తిరిగింది. "అమ్మాయ్, నిన్నెవరైనా అడిగారా?"

తడి అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి.

"నేనివ్వనత్తా" అంది గొణుగుడు. ముందు బెంచీ దాకా వినిపించింది.

"మీ నాన్నకేం చెప్పనే?"

"విన్నదే చెప్పు."

"ఇంట్లోకి రానివ్వడే పిచ్చిదానా!"

"తెలుసు."

బయట హారన్ మోగింది. అత్త టోపీ బెంచీ మీద పెట్టి, ముక్కు తుడుచుకుంటూ మావయ్య వెనకే వెళ్ళిపోయింది.

గొణుగుడు వెళ్ళి పాపని అందుకుంటే, ఆ చేతులు మెత్తగా విడిపోయాయి. విడి, రెండు పక్కలా నిటారుగా వేలాడాయి. పాఠంలో ఆవిడ మోచేతులు రుద్దుకుని, ఎవరితోనూ చెప్పకుండా బయటికి నడిచింది. తడి అడుగులు గేటు దాకా ఉన్నాయి. ఆ తర్వాత పొడివి.

నాన్న అన్నంతపనీ చేశాడు. గొణుగుడు పరీక్ష రాయలేదు. ఇస్త్రీ దుకాణంలో పని, వెనకే కిటికీ లేని గది, బల్ల కింద బుట్టలో పాప. పాపని దించాక కూడా ఆమె మోచేతులు నిటారు కావడం మానేశాయి. భుజం వంచి ఇస్త్రీపెట్టె తోస్తుంది. చొక్కాలు తెచ్చేవాళ్ళు ఆమె చేతులు చూస్తారు, కాలర్లు బాగా చేస్తావమ్మా అని వెళ్ళిపోతారు.

మళ్ళీ రివిజన్ వారం వచ్చింది. పరీక్ష తప్పిన జోకులవాడు చొక్కాల కోసం వచ్చాడు.

"ఈ ఏడు ఆవిడ రాలేదక్కా. చివరి బెంచీ ఖాళీ. ప్రశ్న మాత్రం అలాగే ఉంది, పది మార్కులు. ఏం రాయమంటావు?"

"ఇవ్వలేదని రాయి."

"మార్కులు పోతాయక్కా."

"పోతాయి" అంది ఆమె. బల్ల కింద పాప దగ్గుతుంటే ఎత్తుకోవడానికి వంగింది. చేతులు అప్పటికే వంగి ఉన్నాయి.