ఒడ్డున పడవలు లేని రోజు

మారేడ్‌పల్లిలోని ఆ రెండో అంతస్తు ఆఫీసులో కుర్చీ చూపించినా వీరరాఘవమ్మ కూర్చోలేదు. కూర్చుంటే పని చల్లబడుతుందని ఆమె భయం. పొద్దున్నే గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి, అల్వాల్ నుంచి వచ్చిన చెల్లెలి కొడుకు నాగసాయి బండెక్కి తిన్నగా ఇక్కడికే వచ్చింది. మొహం కూడా స్టేషన్ కుళాయి దగ్గరే కడుక్కుంది.

ఎదురుగా కంప్యూటర్లో సముద్రతీరం పటం ఉంది. అందులో వాళ్ల మొగపాలెం బొటనవేలంత. కాకినాడకి ఎగువన, సముద్రానికీ ఉప్పుటేటికీ నడుమ ఇసుకలో బతికే జాలర్ల ఊరది. దిగువన ఎక్కడో రేవుకి రాళ్లు పోసినప్పటి నుంచి ఇసుక ఇటు రావడం మానేసింది. సముద్రం ఏటా కొంత ఒడ్డు కొరుక్కుని పోతోంది. ఇక మిగిలిన ఒడ్డుకి పటంలో ఆకుపచ్చ రంగు పూసి ఉంది.

ఆ పచ్చ రంగే కొంప ముంచింది. కోత ఆపడానికి ఎక్కడ రాళ్ల గోడ కట్టాలి, ఎక్కడ సరుగుడు నాటాలి, ఎక్కడ పడవలకి వదిలిపెట్టాలి అని ప్రభుత్వం కోసం పటం గీసే పని ఈ కంపెనీది. ముసాయిదా పటం పంచాయతీ గోడకి అంటించిన రోజు ఊరంతా వెళ్లి చూసింది. పక్క ఊళ్లకి ఎరుపూ పసుపూ వేసి మనకి పచ్చ వేశారు, మనకే మంచి జరిగిందని కొబ్బరికాయ కొట్టి వచ్చారు. పచ్చ అంటే ఎవరూ వాడని ఒడ్డని, దాని నిండా సరుగుడు నాటి, ముందు బండలు పేర్చి, పడవన్నది ఎక్కకుండా చేస్తారని మొన్న మొక్కలవాళ్లు కొలతలకి వస్తేగాని తెలియలేదు.

ఎవరూ వాడడం లేదని ఎట్లా రాశారయ్యా అని అడిగింది. పటం గీసిన ఇంజనీరు మధుసూదన్ సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు. సముద్రాన్ని ఉద్యోగంలో చేరాకే చూశాడు. విసుక్కోకుండా డ్రోన్ తీసిన ఫోటో తెరిచి చూపించాడు. ఒడ్డు కడిగిన పళ్లెంలా ఉంది. పడవ లేదు, వల లేదు, చేపలు ఎండేసే పందిరి లేదు. ఆఖరికి మనిషి అడుగు కూడా లేదు.

చూడగానే వీరరాఘవమ్మ ఆ రోజుని గుర్తుపట్టింది. అది గంగమ్మ జాతర రోజు. ఆ రోజు అమ్మవారు నీళ్లలోంచి లేచి ఒడ్డున నడుస్తుందని ముందురోజే పడవలన్నీ ఏట్లోకి చేర్చి, వలలు ఇళ్లలో పెట్టి, ఇసుకంతా చీపుళ్లతో ఊడ్చి, కాలు పెట్టకుండా కాపలా కాస్తారు. సర్వేవాళ్లు మర్నాడొస్తామంటే, కాదు, ఆ రోజే రండి, అమ్మవారి చల్లని చూపు మీ పని మీద పడుతుందని పట్టుబట్టి పిలిపించింది తనే. డ్రోన్‌కి బొట్టు పెట్టింది కూడా తనే. ఊరిపెద్దగా ఉన్న మొగుడు పోయాక తలపాగా కొడుకు సత్యదేవ్‌దే అయినా, మాట మాత్రం ఆమెది.

జాతర సంగతి విని మధుసూదన్ తల పట్టుకున్నాడు. నాగసాయి తన ఫోన్లోంచి ఊరి ఫోటోలు తీసి చూపించాడు. ఒకదాంట్లో పెళ్లివాళ్ల వెనక పడవలున్నాయి, ఇంకోదాంట్లో పిల్లలు పడవెక్కి గంతులేస్తున్నారు. అవేవీ పనికిరావన్నాడు మధుసూదన్. ఆ ఫోటోల్లో ఉన్న ఇసుక ఇప్పుడు సముద్రంలో ఉంది. ఒకళ్ల నుంచి ఒకళ్లకి పంపుకున్న ఫోటోలకి తేదీ ఉండదు, చోటు ఉండదు.

“సాయంత్రం ఐదింటికి ఫైనల్ మ్యాప్ పోతది పెద్దమ్మా. ఇయ్యాల్టి ఒడ్డు మీద ఊరి పడవలన్నీ ఉన్నట్టు ఒక్క ఫోటో రావాలె. జాగా, టైము ఫోటో మీద్నే పడాలె. గా ఫోటో వస్తే మార్చి పంపుత, మా సార్‌కు నేను చెప్పుకుంట. రాకుంటే మాత్రం నా చేతుల ఏం లేదు.”

“ఇయ్యాల మూడో నంబరు జెండా ఎగరేశారు బాబూ,” అంది వీరరాఘవమ్మ.

అతనికి అర్థం కాలేదు. నాగసాయి విడమరిచి చెప్పాడు. తుఫాను హెచ్చరిక ఉంది, పడవలన్నీ నిన్ననే ఏట్లో భద్రంగా కట్టేశారు.  తుఫానులో పడవలు తీయమని నేనెట్ల చెప్త, పరేషాన్ అయితున్న, అని మధుసూదన్ కిటికీ వైపు తిరిగాడు. బయట మారేడ్‌పల్లి రోడ్డు మీద ఎండ కాస్తోంది. వేపచెట్టు ఆకు కూడా కదలడం లేదు.

వీరరాఘవమ్మ కొడుక్కి ఫోన్ చేసింది. రెండుసార్లు కలవలేదు. మూడోసారి కలిస్తే ముందు గాలి హోరు వినపడింది, తర్వాత సత్యదేవ్. అంతా విని అతను వెంటనే కాదనలేదు. ఏటికీ సముద్రానికీ మధ్య దిబ్బ సన్నబడింది, దుంగలు వేసి లాగితే పడవలు ఇటు దింపొచ్చు, మళ్లీ అటు ఎక్కించడమే కష్టం అన్నాడు. కెరటం అప్పుడే దిబ్బ మొదట్లో తంతోందట.

“ఒకటి రెండు పడవలు సాలవంట్రా. ఎవడో ఆపి పోయాడంటారంట. అన్నీ కనపడాలంట.”

“అన్నీ తీయాలంటే మనది ముందు దింపాలమ్మా. పెద్దింటి పడవ కదలందే ఎవడూ తాడు ముట్టుకోడు. ముందు దింపినది నీళ్ల అంచునుంటది, ఎనక్కి లాగినప్పుడు ఆఖర్న వస్తది. నీకు తెల్దా?”

తెలుసు. పెద్దింటికి కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ తెలుసు. వద్దంటే పడవ ఉంటుంది, దాన్ని ఎక్కించడానికి ఒడ్డుండదు. వచ్చే ఏడు ఊరు ఊరంతా ఇలాంటి ఏ పట్నానికో వచ్చి, అపార్ట్‌మెంట్ల కింద వాచ్‌మన్ కుర్చీల్లో కూర్చోవాలి. నాగసాయి పెద్దమ్మ మొహం చూడలేక చెప్పుల వైపు చూస్తున్నాడు.

“మోటారు విప్పి ఇంట్లో పెట్టు,” అంది. “ఆడోళ్లని కూడా తాడు పట్టమను. నేను సెప్పానని సెప్పు.”

ఆ తర్వాత చేసేదేమీ లేక, ఆమె తెర మీది పచ్చ రంగునే చూస్తూ నిలబడింది. మధుసూదన్ అన్నం తినలేదు. పైనుంచి సార్ రెండుసార్లు ఫోన్ చేస్తే, జెర ఆగండి సార్, చిన్న కరెక్షన్ ఉందని నెట్టుకొచ్చాడు. నాగసాయి ఊరివాళ్లకి వరసగా ఫోన్లు చేశాడు. ఒక్కరూ ఎత్తలేదు. అందరి చేతులూ తాళ్ల మీదే ఉన్నాయి కాబోలు.

నాలుగు దాటాక ఫోటో వచ్చింది. వాన జల్లుకి మసకేసినా పడవలు వరసగా కనపడుతున్నాయి. వాటి వెనక తాళ్లు పట్టుకుని జనం. అన్నిటికంటే ముందు, నురగలో సగం మునిగి, పసుపుపచ్చ అంచుతో పెద్దింటి పడవ. కింద ఊరి పేరు, తేదీ, సమయం అచ్చయి ఉన్నాయి.

“వచ్చింది పెద్దమ్మా,” అని మధుసూదన్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆమె కళ్ల ముందే ఊరి ఎదురుగా ఉన్న పచ్చని తుడిచేసి, అక్కడ నీలం గీత గీశాడు. పడవలు నిలిపే చోటు అని రాశాడు. రాళ్ల గోడని ఊరికి అవతల ఆపేశాడు. పటం పంపాక, ఇంక ఐదేండ్ల దాకా దీన్ని ఎవరూ ముట్టరని చెప్పి, పిల్లాడిలా నవ్వి, చాయ్ చెప్పడానికి లేచాడు.

అప్పుడు ఫోన్ మోగింది. సత్యదేవ్ గొంతు బొంగురుపోయి ఉంది.

మనుషులంతా బాగున్నారా అని ఆమె ముందు అడిగింది. బాగున్నారన్నాడు. మిగతా పడవలన్నీ దిబ్బ దాటించామన్నాడు.   గాలి హోరులో ఎవరో ఆడమనిషి ఏడవడం వినపడుతోంది, కోడలే అయి ఉంటుంది.

“తాడు తెగిపోయిందమ్మా. మన పడవ రెండు ముక్కలైపోయింది. గీత పడిందా?”

“పడింది.”

మధుసూదన్ చాయ్ తెచ్చి చేతికిచ్చాడు. ఆమె అందుకుంది. అతనికి ఏమీ చెప్పవద్దని నాగసాయికి కళ్లతోనే సైగ చేసింది.

“మరి రేపట్నుంచి?” అన్నాడు సత్యదేవ్. తాతల నాటి నుంచి వాళ్లింట్లో ఎవరూ ఇంకొకళ్ల పడవలో కూలికి వెళ్లలేదు.

“కళాసీగా ఎల్లు.”

“ఎవరి పడవ ఎక్కమంటావమ్మా?”

“ఎవరు పిలిస్తే ఆళ్లది,” అంది వీరరాఘవమ్మ.