చిరిగిన చోటే ప్యాచ్

ఆ ఇంట్లో పెద్దవాళ్ళు నలుగురు. నలుగురికీ తిండి పెట్టే మాట మాత్రం ఒక్కటే, ప్యాచ్. ముసలాయన వీధి మూలన కూర్చుని సైకిలు ట్యూబులకి ప్యాచ్‌లు వేసేవాడు. కొడుకు రోడ్ల గుంతలు పూడ్చే ముఠాకి మేస్త్రీ. "ఈ వారమంతా వంతెన అవతల ప్యాచ్ పని" అని సోమవారం పోతే, శనివారం సాయంత్రానికి తారు వాసనతో తేలేవాడు. ముసలావిడ ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంట్లకీ, పిల్లల బడి సంచులకీ, వానకోట్లకీ ప్యాచ్‌లు వేసేది. వీధి వీధంతా ఆమెను అతుకులమ్మ అనేవారు. అసలు పేరు పోస్టుమ్యానుకి కూడా గుర్తులేదు.

నాలుగో మనిషి కోడలు. ఆమె వేసేది కంప్యూటర్ల ప్యాచ్. అదేమిటో అతుకులమ్మకి ఒక పట్టాన అంతుబట్టేది కాదు. కోడలు వెనకగది తలుపు వేసుకుని, చెవులకి డిప్పలు తగిలించుకుని, "ఇవాళ పన్నెండింటికల్లా ప్యాచ్ వేసేస్తాం సార్" అని దర్జాగా అంటుంటే అతుకులమ్మ మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేది. గుడ్డ లేదు, దారం లేదు, సూది లేదు. మరి ఏ చిరుగుకి వేస్తోందట?

ఒకసారి ఉండబట్టలేక అడిగింది కూడా.

"అందులో చిరిగేదేముందే?"

"ప్రోగ్రాంలో తప్పులుంటాయి అత్తయ్యా. ఆ తప్పున్న చోట కొత్త ముక్క వేస్తాం."

"వేసినట్టు తెలుస్తుందా?"

"తెలియకూడదు. అదే కదా గొప్ప."

అదీ ఆమెకి గుచ్చుకున్నది. ముప్పై ఎనిమిదేళ్ళుగా వేసినట్టు తెలియకుండా వేస్తోంది తను. గొప్ప అన్న మాట ఒక్కరి నోటా వినలేదు. పైగా కూరగాయల బండి ఆవిడ రోజూ గుమ్మం ముందు ఆగి, "అతుకులమ్మా, మీ కోడలు ఇంట్లో కూర్చునే దేశదేశాల కంప్యూటర్లకి ప్యాచ్‌లు వేస్తుందటగా! పనితనం నీదే వచ్చిందిలే" అనేది.

"నా పనితనం నా చేతిలోనే ఉంది. ఎవరికీ పోలేదు. నువ్వు తూకం సరిగ్గా చూడు" అనేది అతుకులమ్మ, మిషను చక్రం మీద చెయ్యి తీయకుండానే.

కొడుకు కూడా అంతే. శనివారం ఇంటికొస్తూనే, "మీ ప్యాచ్ ఎలా జరిగింది?" అని పెళ్ళాన్ని అడిగేవాడు. నీ ప్యాచ్ ఎలా జరిగిందే అమ్మా అని తల్లినెప్పుడూ అడగలేదు. సరే, మగపిల్లాడు, పెళ్ళయ్యాక ఎటు తిరుగుతాడో తెలిసిందేగా అని ఆమె సర్దుకుంది. మనవరాలు మాత్రం తనది. ఆరేళ్ళ పిల్ల. గువ్వలా గునగునా తిరుగుతుందని అందరూ గువ్వ అనే పిలిచేవారు. బడి నుంచి వచ్చిందంటే మిషను కిందే దాని కాపురం. గుడ్డముక్కల్లో దొర్లేది, గుండీలు ఏరేది, నానమ్మ కొంగు పట్టుకుని నిద్రపోయేది.

ఆ గువ్వ ఎడమకన్ను కొంచెం ముక్కువైపు లాగుతోందని బడిలో ఎవరో చెప్పారు. కోడలు సెలవుపెట్టి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూనే చెప్పింది.

"ఎడమకన్ను బద్ధకిస్తోందట అత్తయ్యా. పని చేయడం మానేసిందట."

"బద్ధకమా? మా వంశంలో లేదమ్మా ఆ జబ్బు" అంది అతుకులమ్మ.

మూల కూర్చున్న ముసలాయన నవ్వాడు. "నన్ను రోజుకి పదిసార్లు అనే మాట అదేగా!"

కోడలు నవ్వలేదు. "ఎనిమిదేళ్ళు వచ్చేలోపు బాగుచేయాలట మామయ్యా. ఆలస్యమైతే ఆ కంటికి చూపు రావడం కష్టమన్నారు. రోజూ నాలుగుగంటలు ప్యాచ్ వేయాలి."

ప్యాచ్ అన్న మాట చెవిన పడగానే అతుకులమ్మ నిటారుగా కూర్చుంది. ఇన్నాళ్ళకి తన పని వచ్చింది అనుకుంది. కానీ కోడలు సంచిలోంచి కంటికి అతికించే ప్యాచ్‌ల చిన్న పెట్టె తీసి, "డాక్టరుగారు అంతా నాకు చూపించారు. నేనే వేస్తాను, మీరు శ్రమపడకండి" అని దాన్ని వెనకగది అలమరలో పెట్టేసింది.

శ్రమపడకండి అట! ఆ రోజు అతుకులమ్మ కుట్టిన ప్యాంటు మోకాలి ప్యాచ్ వంకరపోయింది. విప్పి మళ్ళీ కుట్టుకోవలసి వచ్చింది.

తర్వాత మూడురోజులు వెనకగదిలోంచి గువ్వ ఏడుపే. "వద్దమ్మా, నాకేం కనబడట్లేదు, తీసెయ్!" అని గుక్కపెట్టి ఏడ్చేది. ఐదు నిమిషాల్లో పీకి పారేసేది. చూడబోతే తలుపు గడియ. ముందుగదిలో అతుకులమ్మ మిషను ఆపి వినేది. మనవరాలు ఏడుస్తుంటే గుండె తరుక్కుపోయేది. కానీ అబద్ధం చెప్పకూడదు, ఆ తరుక్కుపోవడం అడుగున ఎక్కడో ఇంత బెల్లంముక్క కూడా కరిగేది. కంప్యూటర్లకి వేసినంత తేలిక కాదమ్మా పిల్లకి వేయడం అనుకునేది.

నాలుగోరోజున కోడలి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఇకపై ఆదివారం తప్ప రోజూ వచ్చి అక్కడే పని చేయాలన్నారు. సోమవారం పొద్దున్నే ఒక చెవికి కమ్మ పెట్టుకుంటూ, రెండోది వెతుక్కుంటూ కోడలు ముందుగదిలోకి పరుగున వచ్చింది. చేతిలో ఆ పెట్టె.

"అత్తయ్యా, ఇక మీరే దిక్కు. గువ్వ మూడింటికి వస్తుంది. రాగానే వేసి ఏడింటికి తీసేయండి. ఆదివారం చర్మానికి విశ్రాంతి, వేయక్కర్లేదన్నారు. ఎలా వేయాలంటే..."

"నాకు చెప్తున్నావా?" అంది అతుకులమ్మ.

"అది కాదత్తయ్యా, ఇది మామూలు..."

"నువ్వు పుట్టకముందు నుంచీ ప్యాచ్‌లు వేస్తున్నాను నేను. చిరుగు ఎక్కడుందో నాకు కనబడదా? నీ బస్సు పోతుంది, వెళ్ళు."

బస్సు హారను నిజంగానే వినబడింది. కోడలు నోటిదాకా వచ్చిన మాట మింగి పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నం అతుకులమ్మ గువ్వని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. రెండు కళ్ళనీ వెలుతురుకి తిప్పి చూసింది. కుడికన్ను నిగనిగలాడుతోంది, కొత్త గుడ్డలా గట్టిగా ఉంది. ఎడమది పాపం, పక్కకి లాగుతోంది. ఇంకేం ఆలోచించాలి? పెట్టెలోంచి ఒక ప్యాచ్ తీసి, అంచులు మడతపడకుండా ఎడమకంటి మీద చక్కగా అతికించింది. ఎంత బాగా వేసిందంటే ఒక్క ముడత లేదు.

గువ్వ ఏడవలేదు. ఒంటికన్నుతో అటూ ఇటూ చూసింది. గెంతింది. "నానమ్మా, నువ్వు వేస్తే బాగుంది! అన్నీ కనబడుతున్నాయి!" అంది.

అతుకులమ్మ ఛాతీ మిషను కవరులా ఉబ్బింది.

అలా ఆరువారాలు గడిచాయి. మూడింటికి ప్యాచ్, ఏడింటికి తీయడం. కోడలు ఇల్లు చేరేసరికి ఎనిమిది. రోజూ అదే ప్రశ్న.

"ఏడ్చిందా అత్తయ్యా?"

"ఎందుకేడుస్తుంది? నా దగ్గర ఎప్పుడైనా ఏడ్చిందా?"

కోడలు అలసిన ముఖంతో గువ్వ జుట్టు సవరించేది. "నేను వేస్తే అయిదు నిమిషాలు ఉంచలేదు. మీరు ఏం మంత్రం వేస్తారో!" అనేది. ఆ గొంతులో ఏముందో అతుకులమ్మకి బాగా తెలుసు. ఏళ్ళ తరబడి తన గొంతులో ఉన్నదే. అది ఇప్పుడు అటువైపు చేరింది. ఆమెకి నిద్ర బాగా పట్టేది.

డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజు అతుకులమ్మ కూడా బయల్దేరింది. "నేనూ వస్తాను. వేసింది నేను కదా, ఏమంటాడో నా చెవులతో వినాలి" అంది. ఉతికిన బట్టలు కట్టుకుంది, జుట్టుకి నూనె రాసుకుంది. మెచ్చుకోలుకి వెళ్ళేవాళ్ళు అలాగే తయారవుతారు మరి.

డాక్టరు గదిలో గోడమీద అక్షరాల పలక. కింది వరుసల్లోకి వెళ్ళేకొద్దీ అక్షరాలు చీమల్లా చిన్నవవుతాయి. డాక్టరు గువ్వ కుడికన్ను మూసి ఎడమకంటితో చదవమన్నాడు. గువ్వ పైవరుసలో పెద్ద అక్షరం దగ్గరే తడబడింది. రెండో వరుస చూసి పెదవి విరిచింది. డాక్టరు పాత కాగితం చూశాడు, కొత్తది రాశాడు. కలం బల్లమీద పడేశాడు.

"చూడమ్మా" అన్నాడు కోడలితో. "పోయినసారి రెండు వరుసలు చదివింది, ఇవాళ ఒకటే. ఆరువారాల్లో ముందుకి రాకపోగా వెనక్కి పోయింది. మీరు ప్యాచ్ వేయడం లేదు."

"వేస్తున్నామండీ. రోజూ నాలుగుగంటలు."

"అబద్ధం. వేసుంటే ఇలా ఉండదు. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగం చేస్తున్నవాళ్ళు, పిల్ల కన్ను కంటే ఆఫీసు ఎక్కువైపోయిందా మీకు? ఇలాగే ఇంకో ఏడాది పోతే ఈ కన్ను ఉన్నా లేనట్టే."

కోడలు ముఖం ఎర్రబడింది. అతుకులమ్మ వైపు ఒక్కసారి కూడా వేలు చూపించలేదు.

ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన క్షణం అది. ఎవరైనా ఒక్కరు, తెల్లకోటు వేసుకున్న మనిషి అయితే మరీ మంచిది, ఈ పిల్లని నిలబెట్టి నాలుగు అంటే చూడాలని అతుకులమ్మకి ఎంత ముచ్చటో. ఇప్పుడు అన్నాడు. ముచ్చట తీరాలిగా మరి? తీరలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే డాక్టరు ఒక ప్యాచ్ మీది కాగితం ఒలిచి గువ్వ కుడికంటి మీద అతికించాడు. గువ్వ చేతులు గాలిలో తడుముతూ, "వద్దు! ఏం కనబడట్లేదు!" అని గుక్కపెట్టింది. వెనకగదిలోంచి వినబడిన ఏడుపు, అదే ఏడుపు.

"అయ్యా, అది బాగున్న కన్నండీ" అంది అతుకులమ్మ.

"బాగున్న కంటికే వేయాలమ్మా. మంచికన్ను మూసేస్తే బద్ధకపు కన్ను గతిలేక పని మొదలుపెడుతుంది. చెడ్డకన్ను మూస్తే అది హాయిగా పడుకుంటుంది."

నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. రేపటి నుంచి కుడికంటికి వేస్తే సరిపోతుంది. డాక్టరు తిట్లు కోడలి ఖాతాలోనే ఉండిపోతాయి. అదంతా అతుకులమ్మకి ఒక్క రెప్పపాటులో తోచింది. తోచినందుకు సిగ్గేసింది.

"అమ్మాయినేం అనకండి బాబూ. వేసింది నేను. ఆరువారాలూ ఎడమకంటికే వేశాను" అంది. "ఎలా వేయాలో ఇది చెప్పబోయింది, నేను చెప్పనివ్వలేదు. నా జన్మలో చిరిగిన చోట తప్ప ఎక్కడా ప్యాచ్ వేసి ఎరగను."

తిరుగు బస్సులో కోడలు కిటికీవైపు తిరిగి కూర్చుంది. తిట్టినా బాగుండును అనిపించింది అతుకులమ్మకి. ఇల్లు దగ్గరపడ్డాక కోడలే అంది.

"నాకెంత కుళ్ళుగా ఉండేదో తెలుసా అత్తయ్యా? నా దగ్గర ఏడ్చేది మీ దగ్గర నవ్వుతోందని. ఆఫీసు బాత్రూంలో కూర్చుని ఏడ్చేదాన్ని. ఆ కుళ్ళులోనే, ఎలా వేస్తున్నారో ఒక్కరోజైనా చూద్దామనుకోలేదు."

"నాకు నువ్వు వచ్చిన రోజు నుంచీ ఉంది ఆ జబ్బు. బద్ధకం లేదన్నాను కానీ, అది మాత్రం దండిగా ఉంది మా వంశంలో" అంది అతుకులమ్మ.

కోడలికి నవ్వొచ్చింది, కోపం ఇంకా పోలేదు. రెండూ ఒకేసారి ముఖం మీద ఉంటే మనిషి తుమ్మబోతున్నట్టుంటుంది. అలాగే ఉంది.

మర్నాటి నుంచి ఇంట్లో రాగం మారింది. మూడింటికి కుడికంటి మీద ప్యాచ్ పడగానే గువ్వ గోల. "నువ్వు చెడ్డ నానమ్మవి! నీ ప్యాచ్ నాకొద్దు! అమ్మ వేయాలి!" అనేది. తను గెలుచుకున్నదంతా ఆ ఒక్క మాటతో జారిపోయేది. అతుకులమ్మ పీకనిచ్చేది కాదు. "తిట్టవే, తిట్టు. నాలుగుగంటలూ తిట్టు. మీ తాత నలభై ఏళ్ళ నుంచి తిడుతున్నాడు, నాకేమైనా అయిందా?" అంటూ రెండు చేతులూ పట్టుకుని కూర్చునేది.

ప్యాచ్ ఉన్నంతసేపూ దగ్గరి పని ఏదైనా చేయించమన్నాడు డాక్టరు. అందుకని మొదట పెద్ద గుండీలు ఏరించింది, తర్వాత చిన్నవి. ఆ తర్వాత సూది. తనకి చూపు ఆనక సూదిలో దారం ఎక్కించడానికి పదిసార్లు నాలుక తడుపుకోవలసి వచ్చేది. గువ్వకీ అంతే. సూది ఇక్కడుంటే దారం అక్కడికి పోయేది. ఒంటికన్ను గువ్వ, చూపానని నానమ్మ, ఇద్దరూ సూదినీ దారాన్నీ తిట్టుకుంటూ కూర్చునేవారు. కూరగాయలావిడ గుమ్మంలోంచి చూసి, "ఇద్దరికీ కలిపి ఒకటిన్నర కళ్ళు" అని నవ్వుకుంటూ పోయేది.

మూడునెలలు దాటాక ఒక సాయంత్రం, ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుందనగా, గువ్వ నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని దారం కొన సూటిగా బెజ్జంలోకి దూర్చేసింది. ఇవతల నుంచి అవతలికి లాగి, "నానమ్మా!" అని అరిచింది.

అతుకులమ్మ సూది తీసుకుని దీపానికి ఎత్తి చూసింది. నిజమే. బద్ధకపు కన్ను ఎక్కించిన దారం. ఆమెకి కళ్ళు మసకబారాయి. దీన్ని మొదట చూసింది తను. ఎవరికీ లేని భాగ్యం తనది. కొడుక్కి, కోడలికి, డాక్టరుకి, వీధందరికీ ఎలా చెప్పాలో వరసగా అనుకోవడం కూడా మొదలుపెట్టింది.

అంతలో ఆఫీసు బాత్రూం గుర్తొచ్చింది. దారం కొన పట్టుకుని మెల్లగా సూదిలోంచి బయటికి లాగేసింది.

"అయ్యో, ఎక్కించేశాగా!" అంది గువ్వ.

"మీ అమ్మ రానీ. ఇవాళ ఇంకో గంట ఉంచుదాం ఈ ప్యాచ్. అమ్మ ముందు మళ్ళీ ఎక్కించు. మొదటిసారిలా."

"ఎందుకూ?"

"ఎందుకంటే నేను చెడ్డ నానమ్మని కనుక."

ఎనిమిదింటికి కోడలు భుజాన సంచితో లోపలికొచ్చింది. గువ్వ నాలుక బయటపెట్టి, రెండుసార్లు తప్పి, మూడోసారి దారం దూర్చింది. కోడలి సంచి నేలమీద పడింది. పిల్లని వాటేసుకుని, జుట్టులో ముఖం పెట్టుకుని, "అత్తయ్యా, చూశారా! చూశారా! ఇదేనా మొదటిసారి?" అంది.

"ఇదే" అంది అతుకులమ్మ, తలెత్తకుండా.

"కాదమ్మా, ఇందాక..." అని గువ్వ మొదలుపెట్టిందో లేదో, అతుకులమ్మ కాలు మిషను పెడలు మీద గట్టిగా పడింది. గడగడమని మిషను పరుగెత్తింది. కింద గుడ్డ లేదు, సూదిలో దారమూ లేదు. అయినా కోడలూ మనవరాలూ ఒకరి చెవిలో ఒకరు నవ్వుకునేంతసేపూ ఆమె అలా తొక్కుతూనే ఉంది. గుండెలో చిన్న ముల్లు కదిలింది. కదలనీలే అనుకుంది.