ఆటులోనూ ఆరని పుస్తకం

పోటు వచ్చే వేళకి కొట్లో పుస్తకాలన్నీ అరల్లోంచి దింపి పళ్ళాల్లో సర్దడం కోడలి పని. రేవు గేటుకి ఎదురుగా ఉన్న కొట్టు అది. ఓడలవాళ్ళకి కావలసిన పుస్తకాలు తప్ప అందులో ఇంకేమీ అమ్మరు. ఏ తీరంలో ఏ రాయి ఎక్కడ పొంచి ఉందో చెప్పే దారిపుస్తకాలు, దీపస్తంభాల పట్టికలు, ఆటుపోట్ల లెక్కలు, రెండు ఓడలు గుద్దుకుంటే తప్పెవరిదో తేల్చే లావుపాటి చట్టాల సంపుటాలు.

బయట సముద్రం పొంగితే లోపల ఇవీ పొంగేవి. ముందు అంచులు చెమర్చేవి. తర్వాత పేజీపేజీకీ ఉప్పునీరు ఊరి బొట్లుబొట్లుగా పళ్ళెంలోకి కారేది. సముద్రం వెనక్కి తగ్గి ఆటు రాగానే వాటంతటవే ఆరిపోయేవి. పేజీల మధ్య మిగిలిన ఇసుకనీ, నాచుపోగుల్నీ, ఎప్పుడైనా దొరికే చిన్న గవ్వనీ కోడలు మెత్తటి కుంచెతో తుడిచి మళ్ళీ అరల్లో పెట్టేది. తెలిసినవాళ్ళెవరూ పోటువేళ కొనడానికి వచ్చేవారు కారు.

"చట్టాల పుస్తకాలు కాస్త తక్కువ తడుస్తాయి" అనేది అత్తగారు. "వాటిల్లో సముద్రం కంటే లాయర్లే ఎక్కువ మరి."

ఆ ఉదయం కోడలు భర్త చొక్కాకి రెండో గుండీ కుట్టింది. అతను సరుకుల ఓడలో రెండో ఆఫీసరు. మధ్యాహ్నం దక్షిణ తీరానికి బయల్దేరాలి. తెల్లదారం అయిపోయిందని నీలం దారంతో కుట్టేసింది.

"కెప్టెన్ చూస్తే నన్ను జెండా అనుకుని కర్రకి కట్టేస్తాడు" అన్నాడు అతను.

"కట్టనివ్వండి. ఊడకుండా ఉంటే చాలు నాకు."

అతను నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆటు మొదలయ్యాక కోడలు పుస్తకాలు సర్దడానికి కూర్చుంది. అన్నీ ఆరాయి, ఒక్కటి తప్ప. దక్షిణ తీరం దారిపుస్తకం.

పళ్ళెంలో నీళ్ళు మిగిలాయేమోనని ఒంపేసి, గుడ్డతో అట్ట తుడిచింది. గుడ్డ తడిసి ముద్దయింది. అట్ట తెరిచింది. నీళ్ళు కారడం లేదు, ధారగా పోతున్నాయి. ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే నీళ్ళు ఆవేళ వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి.

"అత్తయ్యా" అని పిలిచింది. రెండోసారి పిలిస్తే ఆవిడ వచ్చి, పళ్ళెం వైపు ఒకసారి చూసి, అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"ఏ తీరం?"

"ఆయన వెళ్ళేదే."

ఆవిడ తడి అట్ట మీద వేలు పెట్టి చూసింది. తర్వాత మెల్లగా అంది: "మీ మామయ్య వెళ్ళిన రోజున కూడా ఇలాగే ఆటులో ఓ పుస్తకం ఆరలేదమ్మా. నేను కప్పు కారుతోందనుకున్నాను. మేస్త్రీని పిలిచి నానా మాటలూ అన్నాను. ఓడ మునిగిందని కబురొచ్చాక ఆరింది. నడిమి పేజీల్లో ఆయన కళ్ళజోడు పుల్ల దొరికింది."

ఆ పుల్ల కొట్లో ఆవిడ బల్ల మీది రేకు డబ్బాలో ఇప్పటికీ ఉంది. కోడలు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ డబ్బా చూస్తోంది. అందులోని పుల్ల ఎక్కడిదో అడగాలని ఎప్పుడూ తోచలేదు.

అంతలో భర్తే ఆదరాబాదరాగా వచ్చాడు. "దక్షిణ తీరం పుస్తకం కొత్త ప్రతి ఇయ్యి. మా దగ్గరున్నది పాతదట. కొత్తది చూపిస్తే గాని తనిఖీ ఆయన సంతకం పెట్టనంటున్నాడు."

"మీరు ఈసారి వెళ్ళకండి."

"ఏమైంది?"

కోడలు పళ్ళెం చూపించింది. అతని మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వచ్చింది. "తడిసిందని భయపడి కూర్చుంటే ఓడ ఉద్యోగం ఎందుకు? నేను మానేస్తే మిగతావాళ్ళు మానేస్తారా? ఉన్నది ఇదొక్కటే కదా. ఇస్త్రీ చేసి పట్టుకురా. నేను ముందు వెళ్ళి ఆయన్ని కాస్త మాటల్లో పెడతాను. అమ్మా, నువ్వైనా చెప్పు దానికి."

"నేనేం చెప్పనురా" అంది అత్తగారు, కొడుకు మొహం చూడకుండా.

అతను వెళ్ళాక కోడలు ఇస్త్రీపెట్టె వేడిచేసింది. మొదటి పేజీ మీద ఆనించగానే చుయ్యిమని ఆవిరి లేచింది. పేజీ ఆరిపోయింది! అక్షరాలు కొత్తగా అచ్చేసినట్టు మెరిశాయి. ఆరకపోయినా ఆమెకి అంత భయం వేసేది కాదు. ఇలా ఒక్కో పేజీ తన చేత్తోనే ఆరబెట్టి, తన చేత్తోనే ఆయన్ని పంపించాలన్నమాట. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపేసింది.

"దేవుడా, ఆయనకి కోపం వస్తే రానీ" అనుకుంది. పుస్తకాన్ని పళ్ళెంతో సహా ఎత్తుకుని బయల్దేరింది. రేవు రోడ్డు మీద లారీలు ఆమె కోసం ఆగాయి. పళ్ళెంలో నీళ్ళు ఇటూ అటూ ఊగి ముంజేతుల మీద పడుతుంటే, ఎవరో నీళ్ళ లోపల్నుంచి చేతులు పట్టుకుంటున్నట్టు ఉంది.

ఓడ మెట్ల దగ్గర తనిఖీ ఆయన పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ తప్ప తక్కినవన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"ఇది ఆటువేళ కదమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"అవును బాబుగారూ."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. మళ్ళీ పుస్తకం వైపు చూశాడు. "చదవడానికి వీల్లేని పుస్తకం ఓడలో ఉన్నా లేనట్టే. చట్టం అంతే. ఈవేళ కదలడానికి లేదు."

కెప్టెన్ గొంతు రేవంతా వినిపించింది. తనకి బుద్ధి లేకే ఇలాంటి ఆఫీసర్ని పెట్టుకున్నానన్నాడు. మనిషి దొరికితే రేపే మార్చేస్తానన్నాడు. భర్త మొహం ఎర్రబడింది.

"ఇస్త్రీ చెయ్యమన్నానా లేదా?"

అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. ఆమె వల్ల కాలేదు. "ఒక్క పేజీ చేశానండీ. తర్వాత చెయ్యలేకపోయాను."

అతను గిరుక్కున తిరిగి ఇంటిదారి పట్టాడు. అన్నం ముందు కూర్చుని, గోడతో భోంచేస్తున్నట్టు తినేసి లేచాడు. ఆ పూట పోటులో, ఓడ దగ్గర నుంచి వెనక్కి తెచ్చిన దానితో సహా పుస్తకాలన్నీ తడిశాయి. కోడలికి కన్ను మూతపడలేదు. ఆటు వచ్చాక కూడా వెళ్ళి చూసే ధైర్యం లేక తెల్లవార్లూ మంచం మీదే ఉంది.

తెల్లారాక అత్తగారు చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ కలిసి కొట్లోకి వెళ్ళారు. దక్షిణ తీరం పుస్తకం అన్నిటితోపాటు ఆరి ఉంది. ముట్టుకుంటే కరకరలాడింది.

కోడలు కుంచె తీసుకుని పేజీలు తిప్పుతూ ఇసుక తుడవసాగింది. నడిమి పేజీల దగ్గర కుంచె దేనికో తగిలింది. గుండీ. దాని కన్నాల్లో తెగిన నీలం దారం ఇంకా ఉంది.

అప్పుడే వెనక అడుగుల చప్పుడు. భర్త, అదే చొక్కా తొడుక్కుని, ముభావంగా నిలబడి ఉన్నాడు. కెప్టెన్‌కి వేరే మనిషి దొరకలేదు, రమ్మని కబురు పంపాడు. ఆమె చూపు తిన్నగా అతని ఛాతీ మీదికి వెళ్ళింది. రెండో గుండీ ఉన్నచోటే ఉంది, నీలం దారంతో.

నిన్న ఓడ కదిలి ఉంటే తనకి మిగిలేది ఇదొక్కటేనని అర్థమై, ఆమె గుప్పిట మూసింది.

"ఏమిటలా చూస్తున్నావు?"

"ఏం లేదండీ. గుండీ గట్టిగా ఉందా అని."

అతను రెండు వేళ్ళతో లాగి చూశాడు. "నువ్వు కుట్టింది ఎక్కడికి పోతుంది?" అన్నాడు. కోపం కాస్త వదిలింది.

ఆమె ఒక చేత్తో ఆరిన పుస్తకం అతనికి అందించింది. రెండో చెయ్యి వెనక్కి చాచింది. అత్తగారు ఏమీ అడగకుండా రేకు డబ్బా మూత తీసి పట్టుకుంది.