గంట విప్పిన సాయంత్రం

పిరెనీస్ కొండల్లో, గోడలా నిలిచిన కొండరాతి మీద చిక్కుకున్న గొర్రె కోసం కాపరి బెర్నాట్ ఎక్కివెళ్ళి ఎనిమిది రోజులైంది. మూడు వైపులా నిట్టనిలువుగా లేచిన ఆ గోడల కింద, కరగని మంచు అంచున, అతని చేతికర్ర మాత్రం దొరికింది. యజమాని పోతే మంద మెడల్లోని గంటలు విప్పేయడం అక్కడి ఆచారం. భార్య మైలీస్ అన్నీ విప్పనిచ్చింది గానీ, ముందు నడిచే పొట్టేలు గంటను మాత్రం ముట్టుకోనివ్వలేదు.

"ఊళ్ళో చెవులు కొరుక్కుంటున్నారు వదినా," అన్నాడు మరిది గిల్హెం.

"కొరుక్కోనీ. పొగమంచులో మీ అన్న ఈ గంట వినే కదా ఎప్పుడూ దిగొచ్చేది. నేను గొంతు చించుకున్నా పలకడు గానీ, పొట్టేలు పిలిస్తే పరిగెత్తుకొస్తాడు."

గిల్హెం నవ్వబోయి తల తిప్పుకున్నాడు.

రోజూ సాయంత్రం ఆమె మందను గోడ కిందికి తోలుకెళ్ళేది. గంట ఒకసారి మోగితే గోడలు మూడుసార్లు బదులిచ్చేవి.

తొమ్మిదోనాడు గిల్హెం కూడా వెంట ఉన్నాడు. పైన రాళ్ళు జారిన చప్పుడైంది. మైలీస్ చటుక్కున తలెత్తింది. పొగమంచులోంచి చిక్కి సగమైన గొర్రె ఒకటి కుంటుకుంటూ దిగి, పొట్టేలు పక్కకు చేరింది. బెర్నాట్ వెళ్ళింది దానికోసమే.

మైలీస్ దాని వీపు నిమురుతూ చాలాసేపు పైకే చూసింది.

"గంట అక్కడిదాకా వినబడుతోందన్నమాట."

"అవును వదినా."

"వినగలిగినవాడైతే వచ్చేసేవాడు."

వంగి పొట్టేలు మెడలోని తోలుపట్టీ విప్పింది. గంట మోగకుండా లోపలి నాలుకను గుప్పిట్లో పట్టుకుని, మంద ముందు తనే నడిచింది.