ఎనిమిదో బెజ్జం

పాత చెక్క సామాను బాగుచేయడం నా వృత్తి. కుర్చీని తిరగేసి చూస్తే చాలు, అది ఎక్కడ పుట్టిందో, ఎన్ని చేతులు మారిందో చెప్పేస్తాను. ఈ విషయంలో నాకు వినయం లేదు. అయినా మా అత్తగారింటి హాల్లో గోడకు వేలాడే ఆరడుగుల చెక్క ప్రొపెల్లర్‌ను తొమ్మిదేళ్ళుగా దులపడమే తప్ప దింపి చూడలేదు. దాని పేరెత్తితే ఆ ఇంట్లో గొడవే.

అది అత్తయ్య వాళ్ళ నాన్నది. ఆయన విమానాల ఫ్యాక్టరీలో వడ్రంగి.

"మా నాన్న చెయ్యి జన్మలో ఒక్కసారి కూడా తప్పలేదు" అంటుంది అత్తయ్య.

"తప్పలేదు సరే, కాస్త చేతివాటం ఉండేదిలే. లేకపోతే ఫ్యాక్టరీ సరుకు ఇంటి గోడెలా ఎక్కుతుంది?" అంటారు మామయ్య. నలభై ఏళ్ళుగా ఇదే పాట. ప్రతిసారీ అత్తయ్య మొహం చిన్నబోతుంది, నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు విమానాల మ్యూజియం వాళ్ళు దాన్ని అడిగారు. ఎక్కడిదో, ఇంటికెలా వచ్చిందో రాసిస్తేనే తీసుకుంటామన్నారు.

"దొంగసొత్తని రాసిస్తే సరి" అన్నారు మామయ్య. అత్తయ్య ఆ పూట భోజనం చెయ్యలేదు.

"రేపటికల్లా నేను తేలుస్తాను" అని దాన్ని దింపించి నా షెడ్డుకు పట్టుకుపోయాను.

మధ్యలోని మందపాటి భాగం మీద మసి తుడిస్తే నంబరు కనిపించింది. మ్యూజియం వాళ్ళు పంపిన నంబర్ల జాబితాలో చూస్తే అది అత్తయ్య వాళ్ళ నాన్న పనిచేసిన ఫ్యాక్టరీదే. అయితే ఆ నంబరు మీద అడ్డంగా రెండు ఉలిగాట్లు ఉన్నాయి. విమానానికి బిగించేటప్పుడు ఇనప పళ్ళెం ఒత్తుకున్న గుర్తు మాత్రం ఎక్కడా లేదు. అంటే ఇది ఏ విమానానికీ ఎక్కలేదు. బోల్టు బెజ్జాలు లెక్కపెట్టాను. ఎనిమిది ఉండాలి, ఏడే ఉన్నాయి.

టార్చిలైటు పక్కవాటుగా పట్టుకుని వెతికాను. ఎనిమిదోది ఉండాల్సిన చోటికి వేలెడు దూరంలో, చుట్టూ ఉన్న చెక్కలో కలిసిపోయిన గుండ్రటి బిరడా దొరికింది. బెజ్జం పక్కకు పోతే అదే చెక్కతో పూడ్చారు. అంత నున్నటి పని నావల్ల కాదు. ఈ మాట నేను అనడం చాలా అరుదు.

మ్యూజియం అధికారికి ఫోన్ చేశాను.

"రెండు గాట్లా? అయితే తనిఖీలో తీసేసిందండీ. అలాంటివి చేసినవాడికే ఇచ్చేసేవాళ్ళు, పొయ్యిలో పెట్టుకోమని" అన్నాడు.

ఎగిరి గంతేశాను. ఇంటి మెట్లెక్కుతుంటే మాత్రం అసలు సంగతి తట్టింది. ఆయన దొంగ కాదని చెప్పాలంటే, ఆయన చెయ్యి తప్పిందని కూడా చెప్పాలి. అత్తయ్య ఇన్నేళ్ళూ తలెత్తుకు తిరిగింది ఆ ఒక్క మాట మీదే.

అయినా దాచడం నాకు చేతకాదు. ప్రొపెల్లర్‌ను బల్ల మీద పెట్టి, ఇద్దరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. అత్తయ్య ఆ బిరడా మీద వేలు పెట్టి తడిమింది. నా నోరు పడిపోనూ అనుకున్నాను.

"నాన్న రోజూ పనికెళ్ళే ముందు సరిగ్గా ఇక్కడే వేలు పెట్టి చూసేవాడు" అంది. "దుమ్ముందేమో చూస్తున్నాడనుకునేదాన్ని."

ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి కానీ మొహం మాత్రం చిన్నబోలేదు. నా చేతిలోని పెన్ను తీసుకుని, కాగితంతో సహా మామయ్య ముందు పెట్టింది.

"మీరే రాయండి. ఒకసారి చెయ్యి తప్పింది, దాన్ని పొయ్యిలో పెట్టకుండా గోడకు తగిలించుకున్నాడు అని. పెద్ద అక్షరాలతో రాయండి."

మామయ్య కళ్ళజోడు తుడుచుకుని, తలొంచుకుని రాయడం మొదలుపెట్టారు.